తీర్పుకు ముందు విచారణ: వెండితెర మీది న్యాయస్థానాలు, మన 1948

(గోదావరిఖనిలో జరిగిన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



యుద్ధ నేరాల విచారణలను చారిత్రక సినిమాలు ఎలా చిత్రించాయి అన్నది నాకు అప్పగించిన అంశం. బొగ్గు బాయిల పట్టణంలో న్యూరెంబర్గ్ గురించీ, టోక్యో గురించీ మాట్లాడుకోవలసిన అవసరం ఏమిటని కొందరికి సందేహం రావచ్చు. 2024 మార్చి 15న ‘రజాకార్: ది సైలెంట్ జెనోసైడ్ ఆఫ్ హైదరాబాద్’ అనే చిత్రం విడుదలైంది. యాట సత్యనారాయణ దర్శకులు, భారతీయ జనతా పక్ష నాయకులు గూడూరు నారాయణరెడ్డి నిర్మాతలు. మే 13న మన రాష్ట్రంలో లోక్‌సభ ఎన్నికల పోలింగ్ జరిగింది. ఆ మాట నేడు పాఠశాల ఆవరణలో, టీ కొట్టు దగ్గర, పని స్థలంలో ఎవరి మీద పడుతున్నదో మీకు నేను చెప్పనక్కరలేదు. 1948 తరువాత అరవై ఏండ్లకు పుట్టిన పిల్లవాడు ఆనాటి నేరానికి సంజాయిషీ చెప్పుకోవలసి వస్తున్నది.

న్యాయస్థానం ముందు నాలుగు ప్రశ్నలు అడుగుతుంది: ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఏ సాక్ష్యంతో? ఆ తరువాతే తీర్పు. సినిమాకు ఆ నిర్బంధం లేదు. అందుకే, తమలో ఒక న్యాయస్థానాన్ని నిలబెట్టుకున్న చిత్రాలను ముందు పరిశీలించి, ఆ కొలబద్దతోనే మన సంగతికి వద్దాం.

బోనులో మనిషి

1945 నవంబరు 20న జర్మనీలోని న్యూరెంబర్గ్ నగరంలో నాజీ నాయకుల విచారణ ప్రారంభమైంది. అమెరికా, బ్రిటన్, సోవియట్ యూనియన్, ఫ్రాన్స్ దేశాల న్యాయమూర్తులు పీఠంపై కూర్చున్నారు. ఓడినవారిని విచారణ లేకుండానే కాల్చివేయాలన్న ఆలోచన విజేతలలో లేకపోలేదు. చర్చిల్ సైతం ఒక దశలో అటే మొగ్గారు. చివరకు విచారణ మార్గమే నిలిచింది. 1946 అక్టోబరు 1న ముగిసిన తీర్పులో 22 మంది భవితవ్యం తేలింది: 12 మందికి మరణశిక్ష, ఏడుగురికి జైలు, ముగ్గురు నిర్దోషులు. నా దృష్టిలో ఆ న్యాయస్థానానికి గౌరవం తెచ్చినది ఉరిశిక్షల సంఖ్య కాదు. లోకమంతా అసహ్యించుకుంటున్న ప్రభుత్వంలో పనిచేసినవారిలోనూ ముగ్గురిని, నేరం రుజువు కాలేదని విడిచిపెట్టడమే ఆ గౌరవానికి మూలం. నేరం జాతిది కాదు, మనిషిది అన్న సూత్రం అక్కడ ఆచరణకు వచ్చింది.

ఆ విచారణ మొదలైన తొమ్మిది రోజులకు, నవంబరు 29న, నిర్బంధ శిబిరాలలో చిత్రీకరించిన దృశ్యాలను కోర్టు గదిలోనే తెరపై ప్రదర్శించారు. అంటే కోర్టు సినిమాలోకి వెళ్లడానికి ముందే, సినిమా సాక్షిగా కోర్టులోకి వచ్చింది.

ఆ తరువాత 1947లో అదే నగరంలో నాజీ న్యాయవ్యవస్థకు చెందినవారిపై మరొక విచారణ జరిగింది. న్యాయమూర్తులూ, న్యాయశాఖ అధికారులూ ముద్దాయిలుగా నిలిచారు. దాని ఆధారంగా స్టాన్లీ క్రామర్ 1961లో ‘జడ్జ్‌మెంట్ ఎట్ న్యూరెంబర్గ్’ తీశారు. ఈ వరుస చిత్రాలన్నింటికీ అది పెద్దబాలశిక్ష వంటిది. అసలు విచారణలో 16 మంది ముద్దాయిలు. పదిమందికి శిక్ష పడింది, నలుగురు నిర్దోషులుగా బయటపడ్డారు. సినిమాలో ముద్దాయిలు నలుగురే, నలుగురూ దోషులే. కథను కుదించడంలో తెర చేసే మొదటి పని ఇదే. ఏ విడుదలలు ఆ న్యాయస్థానాన్ని న్యాయస్థానంగా నిలబెట్టాయో, ఆ విడుదలలే ప్రేక్షకుడి కంట పడకుండా పోయాయి.

అయినా ఆ చిత్రాన్ని నేను గౌరవిస్తాను. అందులోని పదునైన వాదన ముద్దాయిల తరఫు న్యాయవాది నోట వినిపిస్తుంది. జర్మనీ ఒక్కటే తప్పు చేసిందా, అమెరికా న్యాయస్థానాలు బలవంతపు కుటుంబ నియంత్రణను సమర్థించలేదా, హిట్లర్‌తో ఒప్పందాలు చేసుకున్న దేశాలు లేవా అని అతడు నిలదీస్తాడు. ఆ పాత్రధారి మాక్సిమిలియన్ షెల్‌కే ఉత్తమ నటుడిగా ఆస్కార్ దక్కింది. శత్రువు వాదనను బలహీనపరచి గెలవడం సులువు. దానిని పూర్తి బలంతో వినిపించి, ఆపైన జవాబు చెప్పడం న్యాయం. ఆ చిత్రం రెండోదే చేసింది.

ఆ కథ సినిమా కావడానికి ముందు 1959లో అమెరికా టెలివిజన్‌లో నాటకంగా వచ్చింది. ప్రసారానికి డబ్బు చెల్లించినవారిలో గ్యాస్ కంపెనీల సంఘం ఉంది. మనుషులను గ్యాస్ గదులలో చంపిన చరిత్రను చెప్పే నాటకంలో ‘గ్యాస్’ అన్న మాట వినిపించకుండా శబ్దం తొలగించారు! నటుని పెదవులు కదిలాయి, మాట మాత్రం రాలేదు. ఏ చారిత్రక చిత్రాన్ని చూసినా ఈ సంఘటనను గుర్తుంచుకోండి. డబ్బు ఎవరిది? ఏ మాట దగ్గర శబ్దం ఆగిపోయింది?

ఇర్ఫాన్ ధరించిన నల్లకోటు

టోక్యోలో 1946 మే నెలలో జపాన్ నాయకుల విచారణ మొదలైంది. 11 దేశాల న్యాయమూర్తులలో మన దేశం నుంచి కలకత్తా హైకోర్టుకు చెందిన రాధాబినోద్ పాల్ ఉన్నారు. 2016లో వచ్చిన ‘టోక్యో ట్రయల్’ ధారావాహికలో ఆ పాత్రను ఇర్ఫాన్ ఖాన్ ధరించారు. అందులో కథ ఎక్కువగా న్యాయమూర్తుల గదులలోనే నడుస్తుంది. తీర్పు ఆకాశం నుంచి ఊడిపడదని, దాని వెనుక మనుషుల సంశయాలూ, పంతాలూ ఉంటాయని అది చూపుతుంది.

పాల్ రాసిన అసమ్మతి తీర్పు వెయ్యి పేజీలు దాటింది. ముద్దాయిలందరూ నిర్దోషులని ఆయన తేల్చారు. యుద్ధం ముగిసిన తరువాత చేసిన చట్టంతో యుద్ధానికి ముందు చేసిన పనిని శిక్షించరాదన్నారు. ఓడినవాడు మాత్రమే బోనులో నిలిస్తే అది విజేతల ప్రతీకారమే అవుతుందన్నారు. అణుబాంబు వేసినవారి మాటేమిటని అడిగారు. అయితే జపాన్ సేనలు సాగించిన ఘోరాలను ఆయన కాదనలేదు. ఆ అకృత్యాలకు సాక్ష్యం బలంగా ఉందని తన తీర్పులోనే రాశారు. జపాన్‌లోని తీవ్ర జాతీయవాదులు ఈ రెండో మాటను దాచి, మొదటిదాన్నే పట్టుకొని ఆయనకు స్మారకం కట్టారు.

విజేత చేసిన తప్పును ఎత్తిచూపడం వేరు. ఓడినవాడి చేతిలో నలిగిన వారి బాధను కాదనడం వేరు. ఈ రెండింటినీ వేరుగా పట్టుకోగలిగినవాడే న్యాయం పక్షాన నిలవగలడు. మన 1948ని మాట్లాడుకునేటప్పుడు ఈ తేడా మనకు ప్రాణావసరం.

ఎర్రకోట విచారణనూ ఇక్కడ తలచుకోవాలి. న్యూరెంబర్గ్ కంటే సరిగ్గా పదిహేను రోజుల ముందు, 1945 నవంబరు 5న, ఢిల్లీలో ఆజాద్ హింద్ ఫౌజ్ అధికారులపై సైనిక విచారణ మొదలైంది. షానవాజ్ ఖాన్, ప్రేమ్ సహగల్, గురుబక్ష్ సింగ్ ధిల్లాన్ – ముస్లిం, హిందువు, సిక్కు – ఒకే బోనులో నిలబడ్డారు. భూలాభాయ్ దేశాయ్ వాదించారు. శిక్ష విధించారు గాని 1946 జనవరి మొదట్లోనే దానిని ఉపసంహరించక తప్పలేదు. తిగ్మాంశు ధూలియా 2017లో ‘రాగ్ దేశ్’ పేరిట దీనిని తెరకెక్కించారు. ముద్దాయి నోరు విప్పే అవకాశం ఉంటే చరిత్ర దిశ మారుతుందనడానికి అంతకు మించిన ఉదాహరణ అక్కరలేదు.

సగం జరిగిన విచారణ

ఇప్పుడు మన నేలకు వద్దాం. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి ప్రవేశించింది. 17న నిజాం లొంగిపోయారు. అంతకు ముందు నెలల తరబడి రజాకార్ల దౌర్జన్యం పల్లెలను వణికించింది. ఆగస్టులో బైరాన్‌పల్లి బురుజు దగ్గర జరిగిన మారణకాండను తెలంగాణ మరచిపోలేదు, మరచిపోకూడదు. అదే ఆగస్టులో హైదరాబాద్ నగరంలో ‘ఇమ్రోజ్’ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను హత్య చేశారు. సంస్థానం భారతదేశంలో కలవాలని రాసినందుకు, రజాకార్లను ధిక్కరించినందుకు ప్రాణమిచ్చిన ఆ ముస్లిం యువకుడు మనవాడు. అంతకు ఎనిమిదేండ్ల ముందు, 1940లో, విసునూరు దేశ్‌ముఖ్‌పై భూమి కోసం కోర్టులో పోరాడి గెలిచినందుకు హత్యకు గురైన రైతు షేక్ బందగీ మనవాడే. ‘మా భూమి’ నాటకానికి ప్రేరణ ఆయన కథే. ఈ ఇద్దరి పేర్లు తెలిసిన పిల్లవాడిని ‘రజాకార్’ అన్న మాటతో తలవంచేటట్టు చేయడం ఎవరి తరమూ కాదు.

రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీపై విచారణ జరిగింది. బీబీనగర్ దోపిడి కేసులో ప్రత్యేక ట్రిబ్యునల్ అతనికి శిక్ష విధించింది. ఆ ట్రిబ్యునల్ పద్ధతి సమానత్వ హక్కుకు విరుద్ధమంటూ అతడు సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 1953లో కోర్టు తోసిపుచ్చింది. జైలు నుంచి విడుదలై 1957లో పాకిస్తాన్ వెళ్లిపోయాడు. అంతటి ద్వేషాన్ని మూటగట్టుకున్న వ్యక్తికి సైతం మన రాజ్యాంగం వాదించుకునే హక్కునిచ్చింది. ఆ కేసు నాకు తెలిసినంతలో చక్కని కోర్టు కథ. మన సినిమాలు రజ్వీ గర్జనలను చూపాయి గాని, ఆ బోనును చూపాలని తలచలేదు. సాయుధ పోరాటంలో పాల్గొన్న రైతులకూ ప్రత్యేక ట్రిబ్యునళ్లు మరణశిక్షలు వేశాయి. వారి తరఫున వాదించడానికి బ్రిటన్ నుంచి న్యాయవాది డి.ఎన్. ప్రిట్ వచ్చారు. ఆ ఉరిశిక్షలు తరువాత యావజ్జీవంగా మారాయి.

ఇది సగం. మిగిలిన సగానికి విచారణ జరగలేదు.

సైనిక చర్య జరిగిన రోజులలో, ఆ తరువాత, సంస్థానంలోని పలు జిల్లాలలో ముస్లింలపై దాడులు జరిగాయి. విషయం తెలుసుకునేందుకు నెహ్రూ ప్రభుత్వం పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీలను పంపింది. 1948 నవంబరు 29 నుంచి డిసెంబరు 21 దాకా వారు తిరిగారు. తక్కువలో తక్కువగా అంచనా వేసినా 27,000 నుంచి 40,000 మంది ప్రాణాలు కోల్పోయి ఉంటారని నివేదిక ఇచ్చారు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు అధికంగా నష్టపోయాయి. మన వైపు నల్లగొండ, మెదక్ పేర్లూ అందులో ఉన్నాయి. ఆ నివేదిక దశాబ్దాల పాటు వెలుగు చూడలేదు. 2013 ప్రాంతంలో ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయంలో పరిశోధకులకు అందింది, ఎ.జి. నూరానీ తమ గ్రంథంలో అచ్చువేశారు. అందులోని మరణాలపై ఒక బహిరంగ విచారణ, ఒక ప్రత్యేక న్యాయస్థానం ఏర్పడలేదు.

అదే డిసెంబరులో ప్రపంచంలో ఏమేమి జరిగిందో చూడండి. ఆ ముగ్గురు పెద్దలు పల్లెలలో తిరుగుతుండగా, డిసెంబరు 9న ఐక్యరాజ్యసమితి జాతిహనన నేర ఒడంబడికను ఆమోదించింది. 10న విశ్వమానవ హక్కుల ప్రకటన వెలువడింది. వారు పర్యటన ముగించిన రెండు రోజులకు, 23న, టోక్యోలో ఏడుగురిని ఉరితీశారు. లోకమంతా న్యాయపీఠాలు వేస్తున్న ఆ కాలంలోనే మన నివేదిక బీరువాలోకి వెళ్లింది.

‘జెనోసైడ్’ అన్న మాట ఆ ఒడంబడికతోనే అంతర్జాతీయ చట్టంలో నేరంగా స్థిరపడింది. ఒక జాతిని లేదా మత సమూహాన్ని పూర్తిగా గాని కొంతగా గాని నాశనం చేయాలన్న ఉద్దేశం రుజువు కావాలి. సినిమా గోడపత్రికపై రాసుకోవడానికి పుట్టిన మాట కాదది. ఇతరులు దానిని తేలికగా వాడుతున్నారని అభ్యంతరం చెప్పే మనం కూడా దానిని తేలికగా వాడరాదు. సుందర్‌లాల్ బృందం ఇచ్చినది అంచనా. ఎదురు ప్రశ్నలు ఎదుర్కొని నిలిచిన తీర్పు కాదు. ఆ మాట మనమే ముందు చెప్పాలి. అప్పుడే విచారణ కావాలన్న మన కోరికకు బలం వస్తుంది.

ఆ నివేదికలోనే మరొక విషయం ఉంది. ఒకే వృత్తిలో ఉన్నవారు ఒకరినొకరు ఎలా కాపాడుకున్నారో అది ప్రత్యేకంగా పేర్కొన్నది. హిందూ నేత కార్మికులు తమ తోటి ముస్లిం నేత కార్మికులను కాపాడేందుకు ప్రాణాలకు సైతం తెగించారని, అపహరణకు గురైన స్త్రీలను తిరిగి తీసుకురావడంలో ఎందరో హిందువులు తోడ్పడ్డారని రాసింది. ఒకే కేజీలో నిలబడి పాతాళానికి దిగే గని కార్మికులకు ఆ బంధం ఏమిటో ఎవరూ నేర్పనక్కరలేదు. ఏ సినిమా తెరపైనా ఆ నేతగాళ్లు కనిపించలేదు.

తెర ముందు నాలుగు ప్రశ్నలు

‘రజాకార్’ వంటి చిత్రాన్ని నిషేధించమని అడగడం కన్నా, దానిని కోర్టు పద్ధతిలో ప్రశ్నించడం మేలని నా అభిప్రాయం. మన పిల్లలకు నాలుగు ప్రశ్నలు నేర్పుదాం.

ఒకటి: నేరం మనిషిది అంటున్నదా, సమూహానిది అంటున్నదా? న్యూరెంబర్గ్‌లో ముద్దాయికి పేరుంది, అభియోగానికి తేదీ ఉంది. బోనులో పేరు లేకుండా టోపీ, గడ్డం మాత్రమే నిలబడితే అది విచారణ కాదు.

రెండు: ఎదుటి పక్షానికి మాట ఉందా? ఆ పక్షాన ఒక్క షోయబుల్లా, ఒక్క బందగీ కూడా లేకుండా కథ నడిస్తే, అది చరిత్రలో సగాన్ని చెరిపివేసింది.

మూడు: కథ ఎక్కడ ఆగింది? సెప్టెంబరు 17 దగ్గర తెర దించితే నవంబరు, డిసెంబరు కనబడవు. సెప్టెంబరు నుంచి మొదలుపెడితే బైరాన్‌పల్లి కనబడదు. ఈ రెండో తప్పు మన ఇళ్లలో జరుగుతుంటుంది. దానిని కూడా సరిదిద్దుకోవాలి.

నాలుగు: ఎవరు తీశారు, ఎప్పుడు విడుదల చేశారు, ఏ మాటను వినిపించకుండా చేశారు?

ఈ ప్రశ్నలు విదేశీ చిత్రాలకూ వర్తిస్తాయి. 2025లో వచ్చిన ‘న్యూరెంబర్గ్’లో గోరింగ్ పాత్రను రస్సెల్ క్రో పోషించారు. గొప్ప నటుడు దుర్మార్గుని ధరించినప్పుడు ప్రేక్షకుని కన్ను అతనిపైనే నిలుస్తుంది. చనిపోయినవారు నేపథ్యంలోకి జారిపోతారు. సాక్షి గొంతుకు చోటివ్వని కోర్టు చిత్రం ఎంత వైభవంగా ఉన్నా అసంపూర్ణమే. 2024 జనవరిలో గాజా విషయమై దక్షిణాఫ్రికా వేసిన కేసు హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానంలో విచారణకు వచ్చినప్పుడు, ప్రపంచమంతా దానిని ఫోన్లలో ప్రత్యక్షంగా చూసింది. నటులు లేరు, నేపథ్య సంగీతం లేదు. రెండు పక్షాలు రెండు రోజులు తమ తమ వాదన వినిపించాయి. సినిమా కోర్టులను తూచడానికి అటువంటి అసలు కోర్టును ఒక్కసారైనా పూర్తిగా చూడాలి.

మన చేతిలో ఉన్న పని

2003 జూన్ 16న ఇక్కడి 7 ఎల్.ఇ.పి. గనిలోకి నీరు పోటెత్తి 17 మంది కార్మికులు మరణించారు. అటువంటి ప్రమాదం జరిగితే ప్రత్యేక విచారణ న్యాయస్థానాన్ని వేసే వీలు 1952 నాటి గనుల చట్టంలోనే ఉండేది. ఏ గోడ పలుచబడింది, ఏ పటం తప్పు, ఎవరు సంతకం చేశారు అని అడుగుతారు. పదిహేడు ప్రాణాలకు పటాలూ, సంతకాలూ పరిశీలించే పద్ధతి ఉన్నప్పుడు, వేల ప్రాణాల లెక్క కేవలం సినిమాకు వదిలివేయడం సబబా? ఈ ప్రశ్న బైరాన్‌పల్లి వారి తరఫునా, బీదర్ వారి తరఫునా ఒకే గొంతుతో అడగాలి.

ప్రతి సెప్టెంబరు 17న ఆ రోజుకు ఏ పేరు పెట్టాలన్న తగవు నడుస్తుంది. ఒకరు విమోచన అంటారు, ఒకరు సమైక్యత అంటారు, ఇప్పటి రాష్ట్ర ప్రభుత్వం ప్రజాపాలన అన్నది. పేరు తగవు పార్టీలకు వదిలేద్దాం. మనం కాగితాలు అడుగుదాం. సుందర్‌లాల్ నివేదికను ప్రభుత్వమే తెలుగు, ఉర్దూ భాషలలో అచ్చువేయాలి. ప్రత్యేక ట్రిబ్యునళ్ల రికార్డులు పరిశోధకులకు అందుబాటులోకి రావాలి.

రెండో పని మనది. 1948 నాటికి గోదావరిఖని బొగ్గు పట్టణం కాదు. ఇక్కడి కుటుంబాలు తరువాత పలు జిల్లాల నుంచి బతుకుతెరువు కోసం వచ్చాయి. వస్తూ తమ తమ ఊళ్ల జ్ఞాపకాలనూ తెచ్చుకున్నాయి. ఆనాడు పదేండ్ల పిల్లలు నేడు తొంబై దగ్గరి వృద్ధులు. ప్రతి బస్తీలో అటువంటి దాదీ, నానీ, అవ్వ, తాత ఎవరైనా ఉంటే ఈ నెలలోనే వారి మాటను ఫోన్‌లో రికార్డు చేయండి. ముస్లిం ఇంట మాత్రమే కాదు, రజాకార్ల చేతిలో నష్టపోయిన హిందూ ఇంటికీ వెళ్లండి. ఊరి పేరు, సంవత్సరం, తాము చూసిందేది, ఇతరుల వల్ల విన్నదేది అని వేరువేరుగా రాయండి. కాపాడినవారి పేర్లు తప్పక అడగండి. ఆవేశం జోడించవద్దు. అది వాంగ్మూలం, ఉపన్యాసం కాకూడదు.

రేపు నిజాయితీ గల దర్శకుడెవరైనా 1948పై కోర్టు చిత్రం తీయదలిస్తే, అతనికి అందించడానికి మన దగ్గర ఆగ్రహం ఒక్కటే ఉంటే చాలదు, సాక్ష్యం ఉండాలి. అటువంటి దర్శకుడు రాకపోయినా, ఆ సాక్ష్యం మన పిల్లల దగ్గర ఉంటుంది. ఎవరో ఒక మాటతో వేలెత్తి చూపినప్పుడు వాళ్లు తలదించుకోరు, కేకలూ వేయరు. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఏ సాక్ష్యంతో అని నెమ్మదిగా అడుగుతారు.